బొగ్గు వెతికిన మూటలు

చలువమ్మ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ తెలియదు. బట్టలు చలువ చేసే షాపు నడుపుతుంది కాబట్టి చలువమ్మ. పేరు విని చల్లని తల్లి అనుకుని లోపలికి అడుగుపెట్టిన కొత్తవాళ్లకు ఆ భ్రమ ఎంతోసేపు నిలిచేది కాదు. జేబులో పెన్ను మర్చిపోయి చొక్కా ఉతకడానికి వేసినవాణ్నీ, దుప్పటి మీద టీ ఒలికించి, అది ఎండి గట్టిపడ్డాక తీరిగ్గా తెచ్చినవాణ్నీ బట్టలకన్నా ముందు ఉతికి ఆరేసేది. అయినా ఎవరూ వేరే షాపు మొహం చూసేవారు కాదు. ఆవిడ చేతికి చిక్కిన మరక ఏదీ బతికి బట్టకట్టిన దాఖలా లేదు మరి.

షాపంటే వరసగా రెండు గదులు, వెనక పెరడు. వీధి గదిలో ఇస్త్రీ బల్ల, బల్ల వెనక ఆవిడ మరిది. లోపలి గదిలో ఉతికే మెషీన్లు, బాయిలరు, ఒక సిమెంటు తొట్టి. పెరడంతా దండేలు. లోపలి గదిలోనే గోడవారగా బట్టల మూటలు. ఏ ఇంటి బట్టలు ఆ ఇంటికి తెల్లగుడ్డలో పెట్టి, నాలుగు చెంగులూ కలిపి ముడి వేయడం ఆవిడ పద్ధతి. అందరూ ప్లాస్టిక్ సంచుల్లోకి దిగినా ఆవిడ దిగలేదు. బట్టకి ఊపిరాడాలి అనేది. ఆ ముడి కూడా ఎవరినీ వెయ్యనిచ్చేది కాదు.

మరిది గురించి చెప్పాలంటే, ఇస్త్రీ పెట్టె వేడెక్కేలోగా ఒక కునుకు తీసి లేవగల మనిషి. పెళ్లి చేసుకోలేదు. అంత శ్రమ ఎందుకన్నాడు. ఊరందరి బట్టలకూ మడత నలగకుండా ఇస్త్రీ చేసి, తన చొక్కా మాత్రం మాసి నల్లబడేదాకా తొడుక్కునేవాడు. వదిన కంటపడితే తిట్లు తప్పవని, విడిచిన చొక్కా ఎక్కడో ఒక చోట దూర్చేవాడు.

ఇక బొగ్గు. ఒక వానాకాలం పూట ఈ నల్లటి కుక్కపిల్ల వెచ్చదనం వెతుక్కుంటూ వచ్చి బాయిలరు కింద దూరింది. పొమ్మంటే పోలేదు. పక్కన చెప్పుల షాపు ఆయన నవ్వాడు.

"తెల్లబట్టల కొట్లో నల్లకుక్క ఏంటక్కా?"

"నీ కొట్టు ముందు చెప్పుల్లేని కాకులు వాలట్లేదా? ఇదీ అంతే."

అలా బొగ్గు ఉండిపోయింది. మూటల దగ్గరికి పోకూడదన్న ఒక్క షరతు మీద. ఆ షరతును అది ఒక్క రోజూ మీరలేదు. ఆ షాపులో చలువమ్మ చేత మాట పడని ప్రాణి అదొక్కటే.

బొగ్గు కడుపుతో ఉందని తెలిసినప్పట్నుంచీ చలువమ్మ ఎవరో ఆడపిల్ల పురిటికి వచ్చినంత హడావిడి చేసింది. బాయిలరు పక్కన చెక్కపెట్టె వేసి, అందులో ఇస్త్రీ చేసిన దుప్పటి పరిచింది.

"కుక్క పురుటికి ఇస్త్రీ దుప్పటా వదినా?" అన్నాడు మరిది.

"నీకన్నా అది శుభ్రంగా వాడుకుంటుంది."

ఆ రోజు తెల్లవారేసరికే బొగ్గుకు నొప్పులు మొదలయ్యాయి. ముక్కుతోంది, లేస్తోంది, చుట్టూ తిరిగి మళ్లీ పడుకుంటోంది. పిల్ల మాత్రం రావడం లేదు. పొద్దెక్కేసరికి దాని కళ్లు తేలిపోయాయి. చలువమ్మ వీధి గదిలోకి పరిగెత్తింది. "ఏమయ్యా, లే! వ్యాను తియ్యి!" అని అరిచిన అరుపుకు పక్క కొట్టు చెప్పులు కూడా కదిలి ఉంటాయి. మరిది ఆ ఒక్క రోజు కునుకు సంగతి మర్చిపోయి బొగ్గును రెండు చేతుల్లో ఎత్తుకుని పరిగెత్తాడు. వ్యాను ఎక్కేలోపే ఉమ్మనీరంతా అతని చొక్కా మీద పోయింది.

పశువుల ఆసుపత్రి డాక్టరమ్మ చెయ్యి పెట్టి చూసి పెదవి విరిచింది. మొదటి పిల్ల అడ్డం తిరిగి ఇరుక్కుంది. దాని వెనక మిగతావి ఆగిపోయాయి. కోసి తీయడం తప్ప దారి లేదంది. చలువమ్మ బయట బల్ల మీద కూర్చుని చీర చెంగుకు మడత మీద మడత పెడుతూ ఉండిపోయింది.

డాక్టరమ్మ బయటికొచ్చేసరికి చేతిలోని తువ్వాలులో ఒక పిల్ల కిచకిచమంటోంది. లోపల పళ్లెంలో ఇంకో మూడు ఉన్నాయి. అవి కిచకిచమనడం లేదు.

"చాలాసేపు ఊపిరాడక లోపలే ఉండిపోయాయమ్మా. రుద్దాను, ఊదాను, చెయ్యగలిగిందంతా చేశాను."

చలువమ్మ కంట్లో చుక్క నీరు లేదు. "ఇలా ఇవ్వండి" అంది. వ్యానులోంచి ఒక తెల్లగుడ్డ తెప్పించి బొగ్గు పడుకున్న బల్ల మీదే పరిచింది. మూడింటినీ పక్కపక్కన పెట్టి, నాలుగు చెంగులూ కలిపి ముడి వేసింది. ఆవిడ చేతులకు తెలిసిన ముడి అదొక్కటే. అప్పుడే మత్తు వదులుతున్న బొగ్గు తల ఎత్తలేక, కళ్లు మాత్రం తెరిచి అటే చూస్తోంది. అది చూస్తోందని ఆ గదిలో ఎవరికీ తట్టలేదు.

"ఈ పిల్లను వెచ్చగా ఉంచండి. తల్లికి తెలివి రాగానే పాలకు పెట్టండి. ఆపరేషన్ అయింది కదా, తన పిల్లేనని వెంటనే గుర్తుపట్టకపోవచ్చు. ఓపిక పట్టాలి" అని డాక్టరమ్మ చెప్పింది. చలువమ్మ తల ఊపింది. చెవిన పడినంత మనసున పడలేదు.

ఇంటికొచ్చాక వ్యానులోంచి దించిన మూటను ముందు గోడవారగా మిగతా మూటల పక్కనే పెట్టారు. బొగ్గును పెట్టెలో పడుకోబెట్టాక మరిది ఆ మూటను పెరట్లోకి తీసుకుపోయి గోడ మూల గొయ్యి తీసి పూడ్చిపెట్టాడు.

చలువమ్మ ఉతకడం మొదలుపెట్టింది.

దుఃఖం వస్తే కొందరు ఏడుస్తారు, కొందరు మంచం పడతారు. ఆవిడ ఉతుకుతుంది. పెట్టెలోని దుప్పటి ఉతికింది. వ్యాను సీటు తొడుగు ఉతికింది. తన చీర ఉతికింది. నేలంతా సోడా వేసి తోమింది. అన్నీ అయ్యాక మిగిలింది పిల్ల. ఒంటినిండా జిగురు, నెత్తురు. బేసిన్‌లో గోరువెచ్చటి నీళ్లు పోసి, ఉన్నిబట్టలకు వాడే మెత్తటి సబ్బుతో దాన్ని పాపాయికి పోసినట్టు పోసింది. ఇస్త్రీ పెట్టెతో వెచ్చజేసిన తువ్వాలుతో అద్దింది. పిల్ల నల్లగా నిగనిగలాడుతూ, అప్పుడే మడతపెట్టిన బట్టలా ఘుమఘుమలాడింది. పొద్దుటినుంచీ అన్నీ చెయ్యిదాటిపోయిన రోజున ఒక్కటైనా సరిగ్గా చేశానని ఆవిడకు అనిపించింది.

బొగ్గుకు పూర్తిగా తెలివి వచ్చాక పిల్లను దాని పొట్ట దగ్గర పెట్టింది. బొగ్గు మూతి చాచి వాసన చూసింది. మళ్లీ చూసింది. పెదవి పైకెత్తి గుర్రుమంది. చలువమ్మ ఉలిక్కిపడి పిల్లను లాగేసుకుంది. బొగ్గు లేచి, కుట్ల మీద తూలుతూ పెట్టె దాటి, ఏనాడూ పోనిది తిన్నగా మూటల దగ్గరికి పోయింది. ఒక్కో మూట ముడి దగ్గర ముక్కు పెట్టి సన్నగా మూలుగుతూ వరస చివరిదాకా నడిచింది. ఎంత పిలిచినా వెనక్కి చూడలేదు.

పరామర్శకు వచ్చిన చెప్పుల షాపు ఆయన గుమ్మంలో నిలబడి తల అడ్డంగా ఊపాడు.

"తల్లే వద్దనుకుందక్కా. ఇంక అది బతకదు. ఎందుకు ఊరికే ప్రాణం మీదికి తెచ్చుకుంటావు?"

"ఒంటి చెప్పు మిగిలితే నువ్వు పారేస్తావేమో. నేను పారెయ్యను" అంది చలువమ్మ. అని, డాక్టరమ్మకు ఫోన్ చేసింది.

అంతా విన్న డాక్టరమ్మ అడిగింది. "పిల్లను ఏమైనా కడిగారా అమ్మా?"

"కడిగాను, శుభ్రంగా."

"సబ్బుతోనా?"

చలువమ్మ చూపు బేసిన్ పక్కనున్న సబ్బు మీదికి పోయింది.

"పుట్టినప్పటి తడి వాసనే దానికి గుర్తమ్మా. ఇది మీకు గట్టిగా చెప్పి పంపాల్సింది, నాదీ తప్పే. పురుటి తడి అంటిన గుడ్డ ఏదైనా ఉంటే దాంతో పిల్లను రుద్దండి. తల్లి పాలు కాస్త పిండి ఒంటికి రాయండి. అది దగ్గరికి తీసేదాకా డ్రాపర్‌తో పాలు పట్టండి. చల్లబడనివ్వకండి."

ఫోన్ పెట్టేసి చలువమ్మ తొట్టి గట్టు మీద కూలబడింది. ఆవిడకు గుర్తొచ్చింది కుక్క సంగతి కాదు. భర్త పోయిన రోజున కూడా ఆవిడ ఇలాగే ఉతికింది. వచ్చినవాళ్లు వెళ్లీ వెళ్లకముందే ఆయన చొక్కాలు, తువ్వాళ్లు, దిండు గలీబు, అన్నీ ఒక్క ఊపున ఉతికి ఆరేసి, ఇస్త్రీ చేసి బీరువాలో పెట్టింది. ఎంత గుండె దిటవో అని అందరూ చెప్పుకున్నారు. ఆ తరువాత ఒక మధ్యాహ్నం బీరువా తెరిచి ఆయన చొక్కాలో మొహం పెట్టుకుంది. సబ్బు వాసన వేసింది. ఇంకోటి తీసింది. అదీ సబ్బే. ఇంటినిండా ఆయన బట్టలున్నాయి, ఆయన లేడు. ఆ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు అదే పని ఆ మూగజీవానికి చేసింది. ఆవిడకు తన మీద తనకే ఒళ్లు మండిపోయింది.

కానీ కూర్చుని తనను తాను తిట్టుకుంటే పిల్లకు వాసన రాదు. చలువమ్మ లేచి షాపంతా గాలించింది. దుప్పటి దండెం మీద తెల్లగా ఊగుతోంది. సీటు తొడుగు, చీర, అన్నీ మిలమిలా మెరుస్తున్నాయి. జన్మలో మొదటిసారి ఆవిడకు తన పనితనం మీద కోపం వచ్చింది.

"మాసినగుడ్డ ఒక్కటంటే ఒక్కటి లేదా ఈ కొంపలో?"

ఇస్త్రీ బల్ల వెనక మరిది నీళ్లు నమిలాడు. "తిట్టనంటే ఒక మాట చెప్తాను వదినా." వంగి, బల్ల కింద పాత పెట్టెల వెనకనుంచి ఉండచుట్టిన చొక్కా లాగాడు. పొద్దున బొగ్గును ఎత్తుకున్న చొక్కా. ముందు భాగమంతా ఎండీ ఎండక అట్టకట్టి ఉంది. "రేపు వేద్దాంలే అని..."

చలువమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుచీర అందుకున్నట్టు అందుకుంది. "నీ బద్ధకం చల్లగుండ!"

పిల్లను ఆ చొక్కాతో తలనుంచి తోకదాకా రుద్ది, అందులోనే చుట్టి బొగ్గు ముందు పెట్టింది. బొగ్గు ముక్కుపుటాలు అదిరాయి. గబుక్కున చొక్కా అంచు పట్టుకుని లాగింది. పిల్ల దొర్లి బయట పడింది. బొగ్గు పిల్లను వదిలేసి చొక్కాను బాయిలరు కిందికి ఈడ్చుకుపోయింది. దాని మడతల్లో మూతి పెట్టి వెతికింది. చేతుల్లో వెతికింది, జేబులో వెతికింది. ఎవరూ కనపడలేదు.

అప్పుడు ఏడ్చింది చలువమ్మ. అక్కడే, మరిది ముందే, పైకి వినపడేలా ఏడ్చింది. అతను దిక్కులు చూస్తూ నిలబడ్డాడు. అన్నయ్య పోయినప్పుడు కూడా వదిన ఏడవగా అతను చూడలేదు.

ఏడుపు అయ్యాక ముక్కు తుడుచుకుని, చెంగు దోపుకుని, ఆవిడ బాయిలరు పక్కన నేల మీద చతికిలబడింది. "షట్టరు దించు" అంది. పిల్లకు డ్రాపర్‌తో పాలు పట్టింది. బొగ్గు కాస్త కళ్లు మూసినప్పుడు దాని చన్నులు మెల్లగా పిండి, ఆ పాలు పిల్ల వీపుకు రాసింది. పిల్లను తెచ్చి చొక్కా మీద పెట్టింది. బొగ్గు గుర్రుమంది.

"ఉరుము తల్లీ, ఎంత ఉరుముతావో ఉరుము. నేను మాత్రం లేవను."

లేవలేదు. షట్టరు తట్టినవాళ్లకు మరిది ఏదో సర్దిచెప్పుకున్నాడు. ఒకరిద్దరు కోప్పడ్డారు కూడా. చలువమ్మ నడుము పట్టేసింది, కాళ్లు తిమ్మిరెక్కాయి. బొగ్గు గుర్రుమన్నప్పుడల్లా ఆవిడ చెయ్యి పిల్లకు అడ్డం పెట్టి, అది ఊరుకున్నాక మళ్లీ చెయ్యి తీసేది. పెరట్లో నీడలు దండేలు దాటేసరికి బొగ్గు చొక్కాను నాకడం మొదలుపెట్టింది. నాకుతూ నాకుతూ పిల్ల చెవి దాకా వచ్చి ఆగింది. చలువమ్మ ఈసారి చెయ్యి అడ్డం పెట్టలేదు. నాలుక పిల్ల మీద ఒకసారి పడింది. ఇంకోసారి పడింది. తరవాత దాన్ని బోర్లా తిప్పి పొట్ట కింద గట్టిగా నాకింది. పిల్ల వెచ్చగా ఒంటికి పోసేసింది, తిన్నగా చలువమ్మ ఒళ్లోకి.

"వదినా, నీ చీర!"

"ఉండనీవయ్యా!" అంది ఆవిడ, నవ్వు ఆపుకోలేక. పిల్ల తడుముకుంటూ పాకి చన్ను పట్టుకుంది.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. మర్నాడు బొగ్గు పిల్లకు పాలిచ్చింది, నాకింది. అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు లేచి మూటల దగ్గరికి పోయింది. ముడి ముడికీ ముక్కు పెట్టి ఏడ్చింది. తీసుకొచ్చి పడుకోబెడితే, కాసేపు ఉండి మళ్లీ పోయింది. అది లేచినప్పుడల్లా పిల్ల పెట్టెలో ఒంటరిగా చల్లబడేది. గొంతు పీలగా అయిపోయింది. తల్లి పక్కన ఉంటే తప్ప నిలవదని డాక్టరమ్మ ఫోన్‌లో ఖరాఖండిగా చెప్పింది.

"కట్టేద్దాం వదినా" అన్నాడు మరిది. కట్టేశారు. బొగ్గు తాడు మీద గింజుకుని గింజుకుని కుట్ల దగ్గర నెత్తురు చెమర్చింది. చలువమ్మ చూడలేక విప్పేసింది.

అప్పుడే ఒకావిడ తన బట్టల కోసం వచ్చింది. మరిది మూట తీసి చేతికిచ్చాడు. ఆమె గుమ్మం దాటిందో లేదో బొగ్గు వెంటపడింది. మొరగలేదు, కరవలేదు. ఆమె చేతిలో ఊగుతున్న మూటనే చూస్తూ, ముందు కాళ్లు ఎత్తి దాన్ని అందుకోబోతూ, వీధి మలుపు దాకా ఏడ్చుకుంటూ పోయింది. చలువమ్మ వెనకే పరిగెత్తి దాన్ని ఎత్తుకొచ్చింది. దాని గుండె ఆవిడ చేతి కింద దడదడ కొట్టుకుంటోంది.

నేనే కట్టాను, అనుకుంది చలువమ్మ. దీని కళ్ల ముందే కట్టాను. తెల్లగుడ్డలో పెట్టి, ఇదే ముడి వేసి. తీసుకొచ్చి ఇక్కడే, ఈ వరసలోనే పెట్టాను. మరి ఇదెక్కడ వెతుకుతుంది?

ఆవిడ షట్టరు దించింది. బొగ్గును మూటల వరస ముందు దించి, తనూ నేల మీద కూర్చుని, మొదటి మూట ముడి విప్పింది.

"వదినా, అవన్నీ ఇస్త్రీ అయినవి! ఇవాళ ఇవ్వాల్సినవి!" మరిది గొల్లుమన్నాడు.

"మళ్లీ చేద్దువుగాని."

నాలుగు చెంగులూ నేల మీద పరిచింది. మడతలు విప్పి ఒక్కో బట్టా పక్కన పెట్టింది. "చూసుకో. ఇందులో లేరు." బొగ్గు మూతి పెట్టి అడుగుదాకా వెతికింది. తల ఎత్తి పక్క మూట వైపు చూసింది. చలువమ్మ అదీ విప్పింది. "ఇదీ చూడు. ఇవి మాస్టారింటి పంచెలు. ఇందులోనూ లేరు." ఇంకోటి విప్పింది. దుప్పట్లు, గలీబులు, బడిపిల్లల చొక్కాలు, ఎవరిదో నెమలికంఠం రంగు చీర. తెల్లబట్టల మీద బొగ్గు పాదాల ముద్రలు పడుతున్నాయి. నాకిన తడి పడుతోంది. చలువమ్మ వారించలేదు, తొందరపెట్టలేదు. అది ఎంతసేపు వాసన చూస్తే అంతసేపు ఆగి, అది తల ఎత్తాకే తరవాతి ముడి మీద చెయ్యి వేసింది. కాసేపటికి మరిది కూడా ఇస్త్రీ పెట్టె స్విచ్ ఆపేసి వచ్చి, అవతలి చివర కూర్చుని, మూటలు విప్పి పరిచాడు.

ఇక గోడవారగా ఒక్కటే మిగిలింది. చలువమ్మ దాన్ని ఒళ్లోకి తీసుకుని విప్పింది. తువ్వాళ్లు. ఒక్కొక్కటే దులిపి చూపించి, ఖాళీ గుడ్డను కూడా రెండు వైపులా తిప్పి చూపించింది. బొగ్గు గుడ్డను చూసింది. గోడను చూసింది. తరవాత ఆవిడ మొహంలోకి చూసింది.

"అంతేనమ్మా" అంది చలువమ్మ. ఖాళీ గుడ్డను నేల మీద పరిచింది. "ఇంకెక్కడా లేరు. పోయారు. ముగ్గురూ పోయారు."

బొగ్గు ఆ ఖాళీ గుడ్డ మీద గడ్డం ఆనించి పడుకుంది. గది నిండా విప్పిన బట్టల మధ్య చలువమ్మ దాని వీపు నిమురుతూ కూర్చుంది. పెట్టెలోంచి పిల్ల ఏడ్చింది. బొగ్గు చెవులు నిక్కాయి. మెల్లగా లేచి, ఎవరూ పిలవకుండా, పరిచిన బట్టల మీదుగా నడుచుకుంటూ వెళ్లి పెట్టెలోకి దిగి పిల్ల చుట్టూ ముడుచుకుంది.